ఎవరి మూర?

డిసెంబరులో ఆవిడ పోయారు, బాపట్లలో మేనకోడలి ఇంట్లో. ఫోను రాగానే తెనాలిలో బండెక్కాను. నేను చేరేసరికి చర్చి వాళ్లు వాకిట్లో బెంచీలు వేస్తున్నారు. పూలు చాలేట్టు లేవని ఎవరో అంటుంటే, నేను తెస్తానని చెప్పి బస్టాండు దాకా నడిచాను. ఊరికే కూర్చోవడం కంటే అదే నయమనిపించింది.

పూలమ్మే ఆమె తెల్లచామంతి దండను మోచేతి దగ్గర పట్టుకుని, వేలి కొస దాకా లాగి, ఒకటి, రెండు అంటూ మూరలు వేస్తోంది. పదో మూర అయ్యాక అడిగాను.

"నీ చెయ్యి ఒకసారి చాపుతావా అమ్మా?"

"ఎందుకు బాబాయ్, తక్కువేశానా?"

"లేదమ్మా. ఊరికే చూద్దామని."

ఆమె నా వంక అదోలా చూసి చెయ్యి చాపింది. నా జానతో కొలిచాను. రెండు జానలకు రెండు వేళ్లు తక్కువ. "దేవుడిచ్చిన చెయ్యి, నేనేం చేసేది" అంటూ ఆమె ఇంకో అరమూర కలిపి కట్టింది. ఆ పొట్లం పట్టుకుని తిరిగి వస్తుంటే, అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది.

ఆవిడ పేరు రాయను. పేరు పడటం ఆవిడకు నచ్చేది కాదు. ఇది రాద్దామని పాత డైరీలు ముందేసుకుని కూర్చుంటే ఒక సంగతి తెలిసింది. ఆవిడ చదువులు, పదవులు నాకు సగం కూడా తెలియవు. నాకు బాగా తెలిసినవి మూడే: ఆవిడ అడిగే ప్రశ్న ఒకటి, ఆవిడ చేసిన తప్పు ఒకటి, ఆ తప్పు దిద్దమని ఏడాదికొకసారి ఒక దూరదేశానికి రాస్తూ వచ్చిన ఉత్తరం.

మొదట ప్రశ్న సంగతి. అప్పట్లో నేను తెనాలిలో గణాంక శాఖలో చిన్న ఉద్యోగిని. వారానికొకసారి మార్కెట్టుకు వెళ్లి, ఎప్పుడూ వెళ్లే కొట్ల దగ్గరే, ఎప్పుడూ అడిగే సరుకుల ధరలు అడిగి ఫారంలో రాసుకుని రావడం నా పని. ఊరూరా ఇలా రాసిన ఫారాలన్నీ పైకి వెళితే, ధరలు పెరిగాయో లేదో అక్కడ తేలుస్తారు. నా ఫారాలు శుభ్రంగా ఉంటాయని నాకు కాస్త గర్వం. ఒక వేసవిలో ఆవిడ తనిఖీకి వచ్చారు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు అన్నారు గానీ, చూస్తే రేపల్లె ఆడపడుచు. నూలుచీర, చేతికి మగవాళ్లు పెట్టుకునే పెద్ద గడియారం, భుజానికి నల్ల తోలుసంచి. నా ఫారాలు ఒక్కొక్కటే తిరగేసి ఒకచోట ఆగారు.

"మల్లెపూలు నాలుగు వారాల నుంచీ ఒకటే ధరా అండీ?"

"అవునండి. మూర ధర మారలేదండి."

"ఎవరి మూరండీ?"

నాకు అర్థం కాలేదు. "పదండి, చూసొద్దాం" అని లేచారు.

పూలకొట్టులో ఒక పొట్టి అమ్మాయి కూర్చుని ఉంది. అంతకుముందు ఆ కొట్టు వాళ్ల అత్తగారిది. ఆమె పొడగరి.

"మీ అత్తగారేరమ్మా?" అని అడిగాను.

"మోకాళ్ల నొప్పులండి. నెల్లాళ్లయింది, ఇంటికాడే ఉంటన్నారు."

మేడం సంచిలోంచి దర్జీ టేపు తీశారు. "చెయ్యి చాపమ్మా" అన్నారు.

"ఏంటండీ ఇది, జైలుకేమన్నా పంపుతారా?"

"లేదమ్మా, జాకెట్టు కుట్టిస్తా" అని నవ్వించి కొలత రాసుకున్నారు. తర్వాత మార్కెట్టు వెనక సందులో వాళ్లింటికి వెళ్లి, అరుగు మీద కాళ్లు చాపుకుని కూర్చున్న అత్తగారి చెయ్యి కూడా కొలిచారు. మూడు వేళ్లకు పైనే తేడా. ఆ ముసలమ్మ మురిసిపోయింది. "మా ఆయన ఈ చేతుల్ని చూసే భయపడేవోడమ్మా. నీకెందుకు గానీ, రాసుకో."

తిరిగి వచ్చేటప్పుడు మేడం నెమ్మదిగా అన్నారు. "ధర మారలేదండీ. చెయ్యి మారింది. మీ ఫారంలో ధర ఉంది, చెయ్యి లేదు."

ఇంటికి వెళ్లి డైరీ తీశాను. సరిగ్గా నెల కిందటి పేజీలో నా రాతే ఉంది: "పూలకొట్టులో ఇవాళ కోడలు కూర్చుంది." మర్నాడు ఆ డైరీ పట్టుకెళ్లి ఆవిడకు చూపించాను. తప్పు దాచుకోబుద్ధి కాలేదు. ఆవిడ అరచేత్తో నోరు కప్పుకుని చాలాసేపు నవ్వారు. "మీ డైరీకి తెలుసు గానీ మీ ఫారానికి తెలియదన్నమాట" అన్నారు. అప్పటి నుంచి నన్ను పేరుతో పిలవలేదు. డైరీగారూ అనేవారు. ఆ రోజే నా ఫారం మీద, ఐదు కాలమ్‌ల పక్కన, స్కేలు పెట్టి ఆరో కాలమ్ గీశారు. పైన "కొలత" అని రాశారు. ధర అడిగిన ప్రతిచోటా కొలత కూడా చూసి రాయాలి. పని రెట్టింపైంది. మా ఆఫీసులో ఆవిడను తిట్టుకోనివాడు లేడు.

తర్వాత తెనాలి ఎప్పుడు వచ్చినా మా ఇంట్లోనే టిఫిన్. ఇడ్లీ చేత్తో ఎత్తి చూసి, ఈసారి గుంట పెద్దదండీ అనేవారు. మా ఆవిడకు ఆమె అంటే ఇష్టమూ భయమూ రెండూనూ. "ఆవిడ వంటింటి గుమ్మంలో నుంచుంటే బియ్యం కొలవాలంటే నా చెయ్యి వణుకుద్ది" అనేది. రేపల్లె బండిలో వేరుశెనక్కాయలమ్మే అతను ఆవిడను చూడగానే గ్లాసు బోర్లించి అడుగు చూపించేవాడు. "చూసుకోండి అక్కా, సొట్ట లేదు." ఆవిడ చూసి, తలాడించి, అప్పుడు కొనేవారు. ఎవరినీ దొంగ అన్నట్టు చూసేవారు కాదు. గడియారం చూసి టైము అడిగినంత మామూలుగా అడిగేవారు. ఎవరి మూర, ఎవరి కట్ట, ఎవరి గ్లాసు. అడిగి, సమాధానం వచ్చేదాకా అక్కడే నిలబడేవారు.

ఇక తప్పు సంగతి. రిటైరయ్యాక ఆవిడ ఆఫ్రికాలో ఒక చిన్న దేశానికి రెండేళ్లు సలహాదారుగా వెళ్లారు. మన దగ్గర కూడా సంస్కరణల మాట కొత్తగా వినిపిస్తున్న రోజులవి. ఆ దేశంలో జనం తినేది మొక్కజొన్న పిండి, మన సంకటిలా ఉడకబెట్టుకుని. ఆ పిండి ధరను అప్పటిదాకా ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ కట్టడి తీసేస్తున్నారు. తీశాక కొన్ని నెలలు ధర పెరగకపోతే, పేదల కోసం పెట్టిన చౌకడిపోలు కూడా మూసేయవచ్చని అనుకున్నారు. ధర పెరిగిందో లేదో ఎప్పటికప్పుడు చెప్పడం ఆవిడ పని. అక్కడి కుర్రాళ్లకు ధరలు రాయడం నేర్పడానికి, ఫారం తయారు చేయడానికి నాలుగు దేశాల నిపుణుల బృందంలో ఈవిడను వేసుకున్నారు. వెళ్లేముందు నా దగ్గర ఆరు కాలమ్‌ల పాత ఫారం ఒకటి అడిగి పట్టుకెళ్లారు.

రెండేళ్ల తర్వాత వచ్చినప్పుడు స్టేషనుకు వెళ్లాను. మనిషి చిక్కిపోయారు. రేపల్లె ఇంటికి వెళ్లి పెట్టె తీస్తే, చీరల మధ్య చుట్టిన రెండు రేకు డబ్బాలు. మన వనస్పతి డబ్బాల లాంటివి. పైకి రెండూ ఒకటే ఎత్తు, ఒకటే చుట్టు.

"ఈ డబ్బా నిండా బియ్యం తీసి, ఆ డబ్బాలో పొయ్యండి" అన్నారు. కింద పళ్లెం పెట్టారు.

పోశాను. రెండో డబ్బా నిండిపోయింది. ఇంకా బోలెడు బియ్యం పళ్లెంలోకి జారిపోయింది. డబ్బా ఖాళీ చేసి తిప్పి చూశాను. అడుగు లోపలికి కొట్టేసి ఉంది. సుత్తితో, నున్నగా, గిన్నె బోర్లించినట్టు.

"ఆ పళ్లెంలో పడ్డది నా రిపోర్టులో లేదండీ" అన్నారు.

జరిగింది ఇదీ. ఆవిడ ఆరు కాలమ్‌లతోనే ఫారం గీశారు. బృందం నాయకుడు మర్యాదస్తుడే. ఫారం రెండో పేజీకి పోతోందని, కాగితం కరువని, ఒక్క పేజీలో సర్దమని అడిగాడు. ఏదో ఒక కాలమ్ తీసేయాలి. మిగతా ప్రతిదానికీ ఎవరో ఒకరు వాదించారు.

"మీరు వాదించలేదా మేడం?"

"సిగ్గేసిందండీ." ఆవిడ పళ్లెంలో బియ్యం ఒక పక్కకు నెడుతూ చెప్పారు. "అంతమంది పెద్దవాళ్లు. వాళ్ల ముందు తెనాలి పూలకొట్టు కథ ఎలా చెప్పను? నా దగ్గర ఉన్న వాదన అదొక్కటే. నేనే కొట్టేశాను. స్కేలు పెట్టి, నీటుగా."

కట్టడి తీసేసిన తర్వాత కుర్రాళ్లు వారం వారం బజారుకు వెళ్లి ధర అడిగారు. పుస్తకం పట్టుకుని వచ్చి ధర అడిగేవాడు సర్కారు మనిషేనని, ధర పెంచితే పట్టుకుపోతాడని కొట్లవాళ్లు భయపడ్డారు. అందుకని ధర పెంచలేదు. పిండి కొలిచే డబ్బా అడుగు లోపలికి కొట్టుకున్నారు. ఫారాల్లో ధర కదల్లేదు. ఆ ఫారాలను నమ్మి, ధరలు నిలకడగా ఉన్నాయని ఆవిడ రిపోర్టు రాశారు. ఆ రిపోర్టు చూసి డిపోలు మూసేశారు.

చివరి నెలలో, ఆఫీసులో టీ కాచే ఆమె ఈవిడను భోజనానికి పిలిచింది. మునుపు ఒక డబ్బా పిండి ఇంటిల్లిపాదికీ సరిపోయేదని, ఇప్పుడు ఎందుకో చాలడం లేదని, తన వంటలోనే ఏదో లోపం వచ్చిందనుకుంటున్నానని చెప్పిందట. ఈవిడ తినకుండానే లేచి, ఆమెను వెంటబెట్టుకుని బజారుకు వెళ్లి డబ్బా బోర్లించి చూశారు.

"ఆమె తన వంటను అనుమానించిందండీ" అని ఆవిడ పళ్లెంలోని బియ్యం దోసిట్లోకి ఎత్తారు. "నన్ను అనుమానించలేదు" అన్నారు.

అక్కడే ఒక పేజీ సవరణ రాసి ఇచ్చారు. రిపోర్టు అచ్చయిపోయిందని, తర్వాత వచ్చే బృందం చూసుకుంటుందని అక్కడివాళ్లు అన్నారు. ఒప్పందం గడువు అయిపోయింది. వచ్చేశారు. ఆ తర్వాత ఆవిడ కోరుకున్నవి రెండే. ఆ పేజీని రిపోర్టుకు జతచేయాలి. ఆరో కాలమ్ తిరిగి పెట్టాలి.

అలా ఉత్తరం మొదలైంది. ప్రతి జనవరిలో నేను రేపల్లె వెళ్లేవాణ్ని. నా టైపింగ్ మీద ఆవిడకు గురి. ఆ దేశపు ఆర్థిక మంత్రిత్వ శాఖకు ఉత్తరం, దానికి జతగా ఆ ఒక పేజీ సవరణ. ఏటా అదే ఉత్తరం. తేదీ ఒక్కటే మారేది. ఎప్పుడైనా ఒక మాట మార్చేవారు. "విచారిస్తున్నాను" అని ఉన్నదాన్ని ఒక ఏడు "బాధ్యత నాది" చేశారు. మళ్లీ మార్చలేదు. పని అయ్యాక మధ్యాహ్నం పులుసన్నం తిని, ఇద్దరం పోస్టాఫీసు దాకా నడిచేవాళ్లం. ఆ రోజు డైరీలో నేను రాసేది రెండు మాటలే: "రేపల్లె. ఉత్తరం." ఇప్పుడు వెతికితే అలాంటి పేజీలు ఇరవై ఆరు దొరికాయి. జవాబు వచ్చినట్టు ఒక్క పేజీలోనూ లేదు.

ఒక ఏడు మోకాళ్ల నొప్పితో విసుగ్గా ఉండి అనేశాను. "ఎవరూ చదవరండీ మేడం. అక్కడ మీరెవరో తెలిసినవాళ్లు కూడా ఉండి ఉండరు."

ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "చదవకపోతే మానెయ్యాలంటారా?"

"అని కాదండీ."

"మీ డైరీలు ఎవరు చదువుతున్నారండీ?"

నేను టైపు మిషనులో కాగితం ఎక్కించాను.

చూపు మందగించాక మేనకోడలు ఆవిడను బాపట్ల తీసుకెళ్లింది. అప్పటి నుంచి జనవరిలో అక్కడికే వెళ్లేవాణ్ని. ఆ అమ్మాయి స్కూల్లో టీచరు. ఉత్తరాన్ని ఈమెయిల్లో కూడా పంపడం మొదలుపెట్టింది తనే. పోయిన శ్రావణంలో నాకు ఫోను చేసింది. "బాబాయ్‌గారూ, జవాబొచ్చింది. నేను చదువుతానంటే వినట్లేదు. డైరీగారు వచ్చేదాకా ఆగమంటున్నారు."

పొద్దున్న బండికే వెళ్లాను. ఆవిడ మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నారు, శుభ్రంగా తల దువ్వుకుని, చేతికి ఆ పెద్ద గడియారం పెట్టుకుని. గడియారంలో టైము ఆవిడకు కనబడదు. మేనకోడలు ప్రింటు తీసిన కాగితాలు నా చేతికిచ్చింది.

రాసినతను, ఆవిడ దగ్గర ధరలు రాయడం నేర్చుకున్న కుర్రాళ్లలో ఒకడు. ఇప్పుడు ఆ విభాగానికి పెద్ద. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఆవిడకు ఇష్టమైనట్టు తెలుగులోకి తిప్పుతూ మెల్లగా చదివాను. మీరు ఆ కాలమ్ కొట్టేసిన రోజు స్కేలు అందించింది నేనే, అని రాశాడు. కిందటి ఏడే ఈ కుర్చీలోకి వచ్చాను, బీరువాలు సర్దిస్తే మీ ఉత్తరాలన్నీ ఒక ఫైల్లో వరసగా కనిపించాయి, ఎవరూ పారెయ్యలేదు, చాలావాటిని ఎవరూ విప్పలేదు. పాత రిపోర్టుకు మీ పేజీ జతచేశాం. ఈ నెల నుంచి వాడే కొత్త ఫారం పంపుతున్నాను.

ఆవిడ కుడిచేతి వేళ్లు దుప్పటి మీద కదులుతున్నాయి.

"ఫారం చూడండి. ఎన్ని కాలమ్‌లు?"

"ఆరండీ."

"ఆరోది ఏంటి?"

"కొలతండీ. కింద చిన్న అక్షరాల్లో, పాత్రను తిప్పి అడుగు చూడాలి అని కూడా పెట్టారు."

"ఒక్క పేజీలో పట్టిందా?"

కాగితం తిప్పి చూశాను. "లేదండీ. రెండో పేజీకి వచ్చింది."

"రానివ్వండి" అన్నారు.

అరచేత్తో నోరు కప్పుకున్నారు. నవ్వుతున్నారనుకున్నాను. మేనకోడలు దగ్గరికి వెళ్లి భుజం పట్టుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

కాఫీ తాగాక ఆవిడ మళ్లీ మామూలు మనిషి అయ్యారు. "ఇంకొక సంగతండీ డైరీగారూ. డిపోల గురించి ఏమన్నా రాశాడా?"

మళ్లీ మొదటి నుంచీ చదువుకున్నాను. "దాని గురించి ఏమీ లేదండీ."

"రాయడు. రాయడానికి ఏముంటుంది, పోయినవి పోయాయి." గడియారం పట్టీ సర్దుకున్నారు. "అడుగుదాం. జనవరి ఉత్తరంలో. అక్కడ కొనుక్కున్నవాళ్లు ఆ తర్వాత ఎక్కడ కొనుక్కున్నారో, ఎంత కొనుక్కోగలిగారో, ఇప్పటికైనా వెళ్లి అడగమందాం. అడగడానికి ఇప్పుడు మంచి ఫారం ఉంది కదా."

"అలాగేనండీ."

"మర్చిపోతారేమో, రాసుకోండి."

రాసుకున్నాను. ఆ డైరీ పేజీలో అది ఉంది.

జనవరి దాకా ఆవిడ ఉండలేదు. పూడ్చి వచ్చిన తర్వాత మేనకోడలు ఒక గుడ్డసంచి తెచ్చి నా ఒళ్లో పెట్టింది. రెండు డబ్బాలు. "ఇవి మీకేనని చెప్పింది బాబాయ్‌గారూ. నాకైతే ఏది ఏదో కూడా తెలియదు" అంది. తిప్పి చూపించాను. ఆ అమ్మాయి రెండు డబ్బాల అడుగులూ వేలితో తడిమి చూసి, "దర్జీ టేపు మాత్రం నేను ఉంచుకుంటా" అంది.

నిన్న ఉత్తరం టైపు చేశాను. మొదటి పేరాలో, ఆవిడ లేరని, కొత్త ఫారం ఆవిడకు చదివి వినిపించానని, ఏ కాలమ్ దగ్గర ఏమన్నారో కూడా రాశాను. తర్వాత ఆవిడ చెప్పిన ప్రశ్న, ఆవిడ మాటల్లోనే. తర్వాత, ఆవిడ ఎన్నడూ రాయడానికి ఒప్పుకోని తెనాలి పూలకొట్టు సంగతి మొత్తం రాశాను, అత్తగారి చెయ్యి ఎంత, కోడలి చెయ్యి ఎంత అనేదాకా. కొలతలు నా డైరీలో ఉన్నాయి. స్కేలు అందించిన మనిషికి ఆ కాలమ్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలి. ఆవిడ సంతకం ఉండేచోట నా పేరు పెట్టాను.

ఇరవై ఆరేళ్లూ ఆ ఉత్తరం ఒక్క పేజీయే. నిన్నటి డైరీలో ఇలా ఉంది:

"తెనాలి. ఉత్తరం. రెండో పేజీకి వచ్చింది. రానిచ్చాను."